అరెకా పామ్‌కు చలేసింది

మొదటి ఉద్యోగం చేసే రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. తెలియనివన్నీ తర్వాత మెల్లగా బయటపడతాయి. మైత్రీవనంలో మూడు నెలల కోర్సు ముగించి పంజాగుట్టలో ఓ చిన్న ఆఫీసులో చేరినప్పుడు నాకు ప్రపంచం మొత్తం అర్థమైపోయింది. (కోర్సు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద. ప్రపంచం సిలబస్‌లో లేదు.) నా కుర్చీ సరిగ్గా ఏసీ కింద. మా సార్‌ది భీమవరం వైపు. ఏసీ పద్దెనిమిది డిగ్రీలు దాటితే ఆయనకు పని సాగదు. పద్దెనిమిదిలో నాకు వేళ్ళు కదలవు. పక్క సీట్లో బిల్లింగ్ అక్క, సిరిసిల్ల మనిషి, స్వెటర్ మీద చున్నీ కప్పుకుని, "జర సార్‌కి చెప్పు తమ్మీ, కొత్తోనివి, నిన్నేమనరు" అని రోజూ ఎగదోసేది. చెప్పాను. "పని మీద ధ్యాసుంటే చలెందుకేస్తుందయ్యా" అన్నారు సార్.

మా మీద లేని జాలి ఆయనకు మూలన కుండీలో ఉన్న అరెకా పామ్ మొక్క మీద ఉండేది. పొద్దున రాగానే ముందు దాని ఆకులు నిమిరి, తర్వాతే మా నమస్కారాలు అందుకునేవారు. ఓ సోమవారం ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. "ఏంటయ్యా ఇది, ఇలా అయిపోతోంది" అంటూ ఆయన ఆ కొసలను ఒక్కొక్కటే తడిమారు. నేను ఫోన్‌లో చదివిన నాలుగు లైన్ల బలంతో లేచి, "చలి సార్. దీని సొంతూరు మడగాస్కర్. ఇరవై నాలుగు కన్నా తగ్గితే తట్టుకోలేదు" అన్నాను. (ఆ అంకె నాకు కావలసింది. పామ్‌ను ఎవరడిగారు.) సార్ రిమోట్ అందుకుని ఇరవై నాలుగు చేశారు. అక్క స్వెటర్ విప్పింది.

పది రోజులు సుఖపడ్డాం. పామ్ మాత్రం పసుపు పచ్చబడి వాలిపోయింది. సార్ నర్సరీ అన్నను పిలిపించారు. అతను కుండీలో వేలు గుచ్చి, వాసన చూసి, "చలి గిలి ఏం లేదు సార్. నీళ్ళెక్కువైనయ్, వేర్లు మురిగినయ్. ఎవరు పోస్తుండ్రు?" అన్నాడు. అప్పుడు తేలింది: సార్ మెప్పు కోసం, ఒకరికి తెలియకుండా ఒకరం, ఐదుగురం తలా ఓ సీసా పోస్తున్నాం, ఎవరికి వాళ్ళం ఆ సేవ మా ఒక్కరిదే అనుకుంటూ. నేనైతే రెండు సీసాలు. ప్రొబేషన్ కదా.

"మరి చలన్నావు?" అని సార్ నా వైపు తిరిగారు. నర్సరీ అన్న నన్ను ఆదుకోబోయాడు. "తమ్ముడు చెప్పింది సుత పూరా తప్పు గాదు సార్, అరెకాకు మస్తు చలి పడది. ఫికర్ చెయ్యకుండ్రి, రాపిస్ పామ్ తెస్త. అది జర మంచు పడ్డా బతుకుతది." ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సాయంత్రానికి కొత్త కుండీ వచ్చింది. సార్ దాన్ని ఆప్యాయంగా చూసుకుని, రిమోట్ అందుకుని, పదహారు చేశారు.

"మంచిగ చెప్పినవ్ తమ్మీ, రెండు డిగ్రీలు పోయినయ్" అంది అక్క, స్వెటర్ గుండీలు పెట్టుకుంటూ.

ఇప్పుడు పంజాగుట్ట మీదుగా వెళ్తుంటే, పదహారు డిగ్రీల్లో వణుకుతూ టైపు చేస్తున్న, మొదటి ఉద్యోగపు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ని కిందికి పిలిచి ఓ వేడి చాయ్ ఇప్పించాలనిపిస్తుంది. తెలుసు, అది తాగుతూ కూడా మడగాస్కర్ వాతావరణం గురించి నాకే పాఠం చెప్తాడు. వింటాను. అంత నమ్మకంగా మాట్లాడి నాక్కూడా చాలా రోజులైంది.