రత్నమాణిక్యం మధ్యాహ్నపు నిద్ర

కడియంలో మామిడి అంట్లు కట్టడంలో రత్నమాణిక్యం లాంటి చెయ్యి ఇంకోటి లేదు. ఈ మాట ఇప్పుడంటున్నాను. అనాల్సినప్పుడు అనలేదు.

నా పేరు సత్తిరాజు. నర్సరీలో లారీలకి మొక్కలు ఎక్కించే పని చూస్తాను. మా ఆవిడ సంపూర్ణమ్మ కూడా అక్కడే అంట్లు కడుతుంది. రత్నమాణిక్యం తెల్లవారేసరికి చద్దన్నం తిని వచ్చేసేది. పదకొండు దాకా నోరు విప్పదు, ఫోన్ ముట్టదు, ఎవరైనా కబుర్లకి దిగితే కసురుకునేది. ఒంట్లో ఉన్న సత్తువంతా ఆ కొన్ని గంటలకే దాచుకునేది. మధ్యాహ్నం భోంచేసి, షేడ్ నెట్ కింద గోనెపట్టా పరుచుకుని గంటసేపు నిద్రపోయేది. లేచాక కత్తి పట్టదు. నీళ్ళు పెట్టడం, కలుపు తియ్యడం, అంతే. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస, ఆవిణ్ణి చూసి మిగతా ఆడవాళ్ళదీ అదే. యజమాని జగన్నాథరావుగారు ఏనాడూ కాదనలేదు.

ఆయన మేనల్లుడు గణేష్‌బాబు సూపర్‌వైజరుగా దిగాడు. వచ్చిన వారానికే, నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆవిడ ఫోటో తీసి పనివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద "మన ప్రొడక్టివిటీ" అని రాశాడు. మొట్టమొదట నవ్వు బొమ్మ పెట్టింది నేనే. నా వెనకాల అందరూ పెట్టారు. సాయంత్రానికి ఆ ఫోటో ఆవిడ వీధిలోకీ పాకింది. కూరగాయల బండివాడు కూడా "నిద్ర సరిపోయిందాండీ?" అని అడిగాడట.

మర్నాడు గణేష్‌బాబు కొత్త హుకుం జారీ చేశాడు. ఇకమీదట నిద్రల్లేవు, సాయంత్రం అయిదుదాకా అందరూ అంట్లు కట్టాల్సిందే.

"మధ్యాహ్నం చెయ్యి తిన్నగా ఆడదండి బాబుగారూ. కోత వంకరపోతే అంటు అతుక్కోదు," అంది రత్నమాణిక్యం.

"అదంతా బద్ధకం మాణిక్యమ్మా."

"అలాగేనండి."

ఆ మాటలో ఎంత పగ ఉందో పసిగట్టే తెలివి నాకెక్కడిది!

ఆ రోజునుంచి పొద్దున్న కట్టిన అంట్లకి తెల్ల రిబ్బను, మధ్యాహ్నం కట్టినవాటికి ఎర్ర రిబ్బను చుట్టింది. మిగతా ఆడవాళ్ళ చేతా అలాగే చుట్టించింది. ఎందుకని అడిగితే "గుర్తుకి" అనేది. పని ఎగ్గొట్టలేదు, కావాలని ఒక్క కోతా చెడగొట్టలేదు. కళ్ళు మూతలు పడుతుంటే మొహాన నీళ్ళు కొట్టుకుని మరీ కట్టింది. ఇవాళ ఇన్ని అంట్లయ్యాయని గణేష్‌బాబు రోజూ గ్రూపులో పెట్టి మురిసిపోయేవాడు. ఆవిడ పళ్ళు బిగించి నలభై రోజులు ఎదురుచూసింది.

తుని వెళ్ళాల్సిన లారీ వచ్చి నిలబడ్డ రోజున జగన్నాథరావుగారు దగ్గరుండి చూస్తే, సగం మొక్కలు ఎండిపోయి ఉన్నాయి.

"వీళ్ళు సరిగ్గా చెయ్యలేదు మావయ్యా," అని గణేష్‌బాబు అరిచాడు.

"రిబ్బన్లు చూడండి అయ్యగారూ," అంది రత్నమాణిక్యం. "తెల్లవి పొద్దుటివి. ఎర్రవి బాబుగారు నిద్ర మాన్పించి కట్టించినవి."

తెల్ల రిబ్బన్ల పైన లేత చిగుళ్ళు. ఎర్రవాటి పైన నల్లబడ్డ పుల్లలు. వాటిలో ఆవిడ కట్టినవీ ఉన్నాయి. ఒకదాన్ని తీసి వేలితో తడిమి కింద పెట్టేసింది. అప్పుడు మాత్రం ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఏంట్రా ఇది?" అన్నారు జగన్నాథరావుగారు. ఆయన ఆవిడ వైపు తిరిగారు. "నీకేం కావాలో చెప్పు మాణిక్యం."

"నా నిద్ర నాకు కావాలండి. ఇంకోటి, బాబుగారు ఆ ఎర్రవాటి మధ్య నిలబడాలి. ఫోటో తీసి గ్రూపులో పెడతాను."

మేనమామ చూసిన చూపుకి గణేష్‌బాబు వెళ్ళి నిలబడ్డాడు. నాకు లోలోపల భలే సంతోషంగా ఉంది. అంతలో ఆవిడ నా వైపు చూసింది.

"మీరూ వెళ్ళండి సత్తిరాజుగారూ. మొదట నవ్వింది మీరేగా."

వెళ్ళాను. ఇద్దరం తలలొంచుకుని నిలబడ్డాం. ఆవిడ ఫోటో తీసి గ్రూపులో పెట్టి, గోనెపట్టా తీసుకుని షేడ్ నెట్ కిందకి వెళ్ళిపోయింది.

నా ఫోన్ టింగుమంది. మొదటి నవ్వు బొమ్మ మా సంపూర్ణమ్మది. ఆ తర్వాత సాయంత్రందాకా టింగుటింగుమంటూనే ఉంది. రత్నమాణిక్యం మాత్రం అప్పటికే హాయిగా నిద్రపోతోంది.