గొర్రెల కాపరి కళ్లు

నా చిన్నప్పుడు నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఎవరైనా బొరుగులుండ చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి గానీ నోట్లో పెట్టుకునేదాన్ని కాదు. ఇదేం అనుమానపు పిల్ల అని మా అమ్మ విసుక్కునేది. ఆ గుణం వయసుతో పాటు పోతుందనుకున్నాను. పోలేదు.

వేంపల్లెలో మా చర్చిలో క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేవాళ్లు. ఒక ఏడాది పాస్టరమ్మ పిల్లలకు పందెం పెట్టింది. తలా ఒక బొటనవేలంత మట్టిబొమ్మ ఇచ్చి, రంగులు వేసి తెమ్మంది. అన్నిట్లోకీ బాగా కుదిరిన బొమ్మను బాల యేసు తొట్టి పక్కనే పెడతానంది. నాకు గొర్రెల కాపరి వచ్చాడు. కూలికి పోయి అలసిపోయే మా అమ్మ, ఆ ముందు చోట నా బొమ్మను చూడాలని నాకు ఒకటే ఆశ.

గడ్డం, దుప్పటి సులువుగానే వచ్చాయి. కళ్లే కష్టం. ఆవగింజంత చోట రెండు చుక్కలు పెట్టాలి, రెండూ ఒకేవైపు చూడాలి. చర్చి గోడల మీద వాక్యాలు రాసే పక్కింటి అక్క నాకొక కుంచె, తన చెల్లెలికొక కుంచె ఇచ్చింది. ఆ పిల్లా పందెంలో ఉంది. నా కుంచెకు గట్టిగా నాలుగు వెంట్రుకలు కూడా లేవు. ఆ పిల్లది మాత్రం నిండుగా, కొత్తగా ఉంది. సొంత చెల్లెలికి మంచిది, నాకు అరిగిపోయింది అనుకుని కడుపు మండిపోయింది. ఆ పిల్ల నీళ్లు తాగడానికి లేచినప్పుడు రెండూ మార్చేశాను. పాపం, తను గమనించనే లేదు.

ఆ లావు కుంచె ఆనించగానే రంగు ముద్దగా పడింది. తుడిస్తే ఇంకా పాకింది. చివరికి నా కాపరి ఒక కంటితో నేలను, ఇంకో కంటితో ఆకాశాన్ని చూస్తూ మిగిలాడు. ఆ పిల్ల దేవదూత కళ్లు మాత్రం ముచ్చటగా కుదిరాయి.

శనివారం కుంచె తిరిగి ఇస్తుంటే అక్క దాన్ని చూసి, "ఇది నీకు యాడిది పాపా?" అని అడిగింది.

"నువ్విచ్చిందే గదక్కా," అన్నాను, తలెత్తకుండా.

అక్క ఆ కుంచెను అటూ ఇటూ తిప్పి చూసింది. "అట్లయితే తప్పు నాదేలే," అంది. నేరుగా పాస్టరమ్మ దగ్గరికి పోయి, పిల్లది శానా కష్టపడిందనీ, తానే పనికిరాని కుంచె ఇచ్చి చెడగొట్టాననీ చెప్పి, నా బొమ్మను ముందర పెట్టించింది. చెల్లెలి దేవదూత గాడిద వెనక్కి పోయింది. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఆదివారం మా అమ్మ ఆ మెల్లకన్ను కాపరిని చూసి మురిసిపోతుంటే, నాకు సిగ్గుతో అన్నం సయించలేదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, కర్నూలులో మళ్లీ ఆ బొటనవేలంత బొమ్మలే తెచ్చుకుని రంగులు వేస్తున్నాను. కళ్ల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, ఉన్నవాటిలో అన్నిటికన్నా సన్నని కుంచె వెతుక్కుంటాను. అక్క ఆ రోజు నాకిచ్చింది తన దగ్గరున్న వాటిలో మేలైనదని, దాన్ని పట్టుకున్న ప్రతిసారీ తెలుస్తుంది.

అక్క వేంపల్లెలోనే ఉంది. ఈసారైనా చెప్పేయాలని ఫోన్ చేస్తాను. వానలు పడ్డాయా, మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడుగుతాను. పెట్టేసే ముందు ప్రతిసారీ, "ఇంకేమన్నా చెప్పాల్నా పాపా?" అంటుంది. ఆమెకు ఆ రోజే అంతా తెలిసిపోయిందేమోనని నా అనుమానం.

ఏం లేదక్కా అని పెట్టేస్తాను.