నల్లా బిల్లు మల్లవ్వ

మల్లవ్వకు అరవై దాటాయి. ఈ అరవై ఏళ్లలో ఆమె ఒంటి మీద పుస్తెలు తప్ప గురిగింజెత్తు బంగారం ఎక్కలేదు. భర్త మొగులయ్య పోయాక అవీ దిగాయి. అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున ఎర్ర పట్టుచీర కట్టి, మెడనిండా హారాలు వేసుకుని, సందు మొదట్లో కరెంటు స్తంభానికి వేలాడుతూ ఊరందరికీ దర్శనమిచ్చింది.

అసలు మల్లవ్వ ఆ టైముకు బర్రె కింద కూర్చుని పాలు పితుకుతోంది. ఎదురింట్లో కిరాయికి ఉండే భవాని వచ్చి, "అత్తా, బయటికొచ్చి సూడు, నీకు ఫ్లెక్సీ ఏసిండ్రు" అంది. ఫ్లెక్సీలు గెలిచినవాళ్లకో పోయినవాళ్లకో తప్ప వెయ్యరని తెలుసు గనుక మల్లవ్వ చెంబు అక్కడే పెట్టి గబుక్కున లేచింది. తను ఏ ఎలక్షన్లోనూ నిలబడలేదు మరి.

మల్లవ్వకు చదువు రాదు. భవాని చదివి వినిపించింది. "నల్లా బిల్లు నెలనెలా కట్టే మల్లవ్వను చూసి నేర్చుకుందాం. బాకీదారులు వెంటనే చెల్లించాలి. లేనిచో కనెక్షన్లు తొలగించబడును." చదువుతున్నకొద్దీ భవాని గొంతు గట్టిపడింది, ఎందుకంటే ఆ బాకీదారుల్లో ఆమె కూడా ఉంది. కింద మూలన 'సౌజన్యం' అని రాసి, నీలిగేటు కంపెనీ ముద్ర వేశారు. గడ్డపోతారం పోయే రోడ్డు మీద నీలిరంగు గేటున్న ఆ మందుల కంపెనీకి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది గాని, ఊళ్లో ఎవరి నాలుకా దాని జోలికి పోలేదు.

"గా నగలు యాడివి అత్తా? నీళ్ల బిల్లు కట్టంగ మిగిలినయా?" అంది భవాని. నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు.

ఫోటో కథ ఇదీ. ముందు వారం బిల్లు కట్టడానికి పోతే పంచాయతీ సెక్రటరీ ప్రవీణ్‌కుమార్ "అవ్వా, జెర ఇటు సూడు" అని సెల్లులో ఫోటో తీశాడు. పింఛను కోసమనుకుంది మల్లవ్వ. పింఛను ఫోటోలో నవ్వితే ఈమెకేం తక్కువని కోసేస్తారేమోనని, మొహం వీలైనంత దీనంగా పెడదామని చూసింది. అది దీనంగా రాలేదు, కోపంగా వచ్చింది. పటాన్‌చెరులో ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు ఆ తలకాయను తీసుకెళ్లి ఏ నగల దుకాణం బొమ్మకో అతికించాడు. ఆ మొహమూ ఆ బంగారమూ కలిపి చూస్తే ఊరు ఊరంతా ఆమెకు వడ్డీ బాకీ ఉన్నట్టు ఉంది.

మల్లవ్వ బిల్లులు కట్టేది మెప్పు కోసం కాదు, భయం కొద్దీ. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు సొసైటీ అప్పు కట్టలేదని జీపులో మనుషులొచ్చి వాళ్లింటి తలుపు ఊడదీసుకుని పోయారు. నెల రోజులు గుమ్మానికి తల్లి పాత చీరే వేలాడింది. గాలికి చీర లేచినప్పుడల్లా, దారిన పోయేవాళ్లు ఆ ఇంట్లో ఇవాళేం వండారో చూసి పోయేవారు. బాకీ అంటే అప్పటినుంచి ఆమెకు డబ్బు కాదు, ఆ చీర సందులోంచి తొంగిచూసే కళ్లు.

పెళ్లయి ఈ ఊరొచ్చాక కొన్నాళ్లు బావి నీళ్లే తాగారు. కంపెనీలు వచ్చాక ఆ బావి నీళ్లు చాయ్ రంగు తిరిగాయి. బర్రె కూడా మూతి పెట్టి వెనక్కి తీసుకునేది. ఇరవై ఏళ్ల కింద సర్కారు అప్పు తెచ్చి, మంజీర నుంచి కంపెనీల కోసం పెద్ద పైపు లైను వేసింది. కందకం తవ్విన కూలీల్లో మొగులయ్య, మల్లవ్వ కూడా ఉన్నారు. "మన బాయి పాడు చేసినోళ్లకు మనతోనే మంచినీళ్లు తెప్పిస్తున్నరే" అని మొగులయ్య గడ్డపార పక్కన పెట్టి ఒకరోజంతా పనికి పోలేదు. మర్నాడు పోయాడు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాకగాని ఊరికి బొటనవేలంత పైపు దొరకలేదు.

ఆ పైపు నీళ్లకు ఇంటికి నెలకు అరవై రూపాయలు. నిరుడు అది ఉన్నట్టుండి నూటయాభై అయింది. ఎందుకయిందో ఎవరూ చెప్పలేదు. సందులో సగం మంది కట్టడం మానేశారు. మల్లవ్వ తను తాగే గ్లాసు పాలు కూడా అమ్మి కట్టింది.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ దయవల్ల మల్లవ్వ సందులో నడవలేకపోతోంది. పాలు పోయించుకునేవాళ్లు "బంగారమ్మ వచ్చిందే" అంటున్నారు. భవాని రెండ్రోజులు పలకలేదు, మూడోనాడు గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"నువ్వు కట్టినవ్, మంచిదే అత్తా. నీ మొహం తెచ్చి మా మొహాన కొట్టిస్తున్నవెందుకు? పసిపిల్ల ఉన్న ఇల్లు నాది. నల్లా కట్ చేస్తే ఏం తాగాలె?"

"నేను ఏపిచ్చిన్నా గది?"

"ఒద్దని గూడ అనకపోతివి."

ఆ మాట మల్లవ్వకు నేరుగా తగిలింది. పొంగుతున్న పాలను పొయ్యి మీదే వదిలి పంచాయతీ ఆఫీసుకు పోయింది.

"ప్రవీణ్ సారూ, గది పీకెయ్యి."

"శుక్రవారం సభ ఉందవ్వా. నీళ్ల ఆఫీసు నుంచి పెద్దసారు వస్తుండు. నీకు శాలువ గూడ కప్పుతరు. అదయినంక తీసేస్త."

"కనీసం ఆ నగలన్న తియ్యి."

"అది డిజైనింగ్ అవ్వా. నీ అసలు చీర ఫోటోల మంచిగ కొట్టలే."

శుక్రవారం బడి ముందు షామియానా వేశారు. వెనకాల అదే ఫ్లెక్సీ, ఈసారి ఇంకా పెద్దది. స్టేజీ మీద నీళ్ల ఆఫీసు అధికారి మురళీమోహన్ కూర్చున్నాడు. ఏలూరు వైపు నుంచి వాళ్ల నాన్న ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మర్యాదస్తుడు. ఆయనే లేచి మల్లవ్వకు శాలువ కప్పాడు. ప్రవీణ్‌కుమార్ మైకు అందిస్తూ "అందరు బిల్లు కట్టాలె అని రెండు ముక్కలు చెప్పవ్వా, చాలు" అన్నాడు చెవిలో.

మల్లవ్వ మైకును చెంబు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"సారూ, అరవై ఉన్నది నూటయాభై ఎట్లయింది?"

మురళీమోహన్ ఓపిగ్గానే చెప్పాడు. "చూడండమ్మా, ఆ లైను కంపెనీల కోసం అప్పు తెచ్చి వేసింది. రోజుకు ఇన్ని నీళ్లు కొంటామని వాళ్లు సంతకాలు కూడా పెట్టారు. తర్వాత కొందరు సొంత బోర్లు వేసుకున్నారు, కొందరు ట్యాంకర్లు పెట్టుకున్నారు. రెండు కంపెనీలు వేరేచోటికే వెళ్లిపోయాయి. మాకు పంపుల కరెంటు బిల్లు, అప్పు కిస్తీ ఆగవు కదండీ. ఇప్పుడు నీళ్లు వాడుకుంటున్నవాళ్ల మీద పంచక తప్పలేదు."

"అంటే దావతు జెయ్యుమన్నోళ్లు తినకుంట వోయిండ్రు. గిన్నెలు కడగనీకి వచ్చినోళ్లు బిల్లు కట్టాల్నా?"

షామియానా కింద నవ్వులు లేచాయి. మల్లవ్వ నవ్వలేదు.

"మరి నీళ్లు వాడుకుంటున్న కంపెనీలన్న కడుతున్నయా?"

"చాలామంది కడుతున్నారమ్మా. ఒక్కళ్లది మాత్రం కోట్లలో ఉంది. వడ్డీ మాఫీ చెయ్యాలని కోర్టుకెళ్లారు."

"ఎవరయ్యా ఆ ఒక్కళ్లు?"

ఆయన ప్రవీణ్‌కుమార్ వైపు చూశాడు. ప్రవీణ్‌కుమార్ తన చెప్పుల వైపు చూశాడు. వెనక నుంచి భవాని, బిడ్డను చంకనేసుకుని, "నీలిగేటోళ్లు గాదా సారూ?" అని అరిచింది.

"అవునమ్మా," అన్నాడాయన. అబద్ధం చెప్పడం రాని మనిషి. అనేశాక తల తిప్పి వెనకున్న ఫ్లెక్సీని, దాని కింద మూలను అప్పుడే మొదటిసారి చదివాడు. చదివి మంచినీళ్ల సీసా అందుకున్నాడు.

మల్లవ్వ ఒంట్లో వేడి కాళ్లనుంచి లేచింది. "మీ అందరికన్న ఎక్కువ బాకీ ఉన్నోడు, బాకీలు కట్టుండ్రని నా ఫోటో ఏపిచ్చిండా? నా మొహం గింత అగ్గువకు దొరికిందా? పైపు కోసం నేల తవ్వింది మేము. బాయి పోగొట్టుకున్నది మేము. కిస్తీ గూడ మేమేనా? నా పక్కన ఆ కంపెనోని ఫోటో గూడ ఎయ్యిండ్రి. ఆయినకు నగలు అతికించుడు అక్కర్లేదు, ఆయినకు ఉంటయి."

ఇలా అని శాలువ లాగి స్టేజీ మీద విసిరేద్దామనుకుంది. అంత కోపంలోనూ ఒక చిక్కొచ్చి పడింది. శాలువకు తియ్యకుండా వదిలేసిన ధర చీటీ పిన్నీసు ఆమె జాకెట్టుకు పట్టుకుంది. సగం శాలువ చేతిలో, సగం భుజం మీద. లాగితే జాకెట్టు వస్తోంది. ఊరంతా చూస్తుండగా మల్లవ్వ ఒక చేత్తో మైకు, ఒక చేత్తో శాలువ పట్టుకుని అక్కడక్కడే గుండ్రంగా తిరిగింది. భవాని బిడ్డను ఎవరికో ఇచ్చి స్టేజీ ఎక్కి పిన్నీసు ఊడదీసింది. "ఇగ ఇసిరెయ్యి అత్తా" అంది మెల్లగా.

ఫ్లెక్సీ ఆ సాయంత్రమే మాయమైంది. నూటయాభై మాత్రం నూటయాభైగానే ఉంది.

మళ్లీ నెల బిల్లు రోజు వచ్చింది. మల్లవ్వ అలవాటుకొద్దీ డబ్బులు కొంగున ముడేసుకుని ఆఫీసు మెట్ల దాకా పోయింది. అక్కడ నిలబడింది. కాళ్లు ఎక్కబోయాయి, వాటిని వెనక్కి తిప్పుకుని వచ్చింది. సందులో భవాని, మరో నలుగురు ఎదురొచ్చారు.

"కట్టినవా అత్తా?"

"కట్టలె. మీతోనే నేను."

శెభాష్ అంటారనుకుంది. భవాని నెత్తి కొట్టుకుంది.

"ఏం పనే అత్తా ఇది? నీదొక్కటన్న ఉంటే మేమంత నీ నల్లా కాడ్నే నాలుగు బిందెలు పట్టుకుంటుంటిమి గద."

మల్లవ్వకు ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఆ సిగ్గు మీదే మళ్లీ కోపం వచ్చింది. "పోండ్రి, తట్టలె నాకు. తట్టినా కట్ట. ఆ నూటయాభైల నాది అరవయ్యే. మిగిలింది వాళ్లది" అని లోపలికి పోయింది.

నాలుగు రోజులకు ఆటో వచ్చింది. ఊళ్లో వాల్వులు తిప్పి నీళ్లు వదిలే యాదన్న మైకు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఎల్లుండి పొద్దున నల్లాలు తీసేసే ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడు. మల్లవ్వ ఇంటి ముందు ఆగిపోయాడు.

"పెద్దమ్మా, నీ పేరు తప్పు పడ్డట్టుంది. ఇడిసిపెట్టాల్నా?" మైకు ఆపడం మరిచిపోయాడు, సందంతా వింది.

మల్లవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇళ్లలోంచి అందరూ చూస్తున్నారు. చెవులు కాలిపోతున్నాయి.

"తప్పేం లేదు. సదువు."

"మల్లవ్వ, మొగులయ్య భార్య, నూటయాభై."

"ఇగ నీలిగేటోళ్లది సదువు."

"అది నా కాగితంల లేదు పెద్దమ్మా."

"లేదనే సదువు."

యాదన్న డ్రైవరు వైపు చూశాడు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు. తర్వాత మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నీలిగేటు కంపెనీ... ఈ కాగితంల లేదు."

ఆటో కదిలి పక్క సందులోకి తిరగబోతోంది. మల్లవ్వ చెప్పులు లేకుండానే దాని వెనక నాలుగడుగులు వేసింది.

"ఆడ గూడ సదువు, యాదన్నా. ప్రతి సందుల సదువు."