వెనక పేజీల్లో ఏమీ లేదన్నాను

ఆ రోజుల్లో మా గద్వాలలో ఇంగ్లీషు వచ్చినవాడికీ, వచ్చినట్టు నటించేవాడికీ తేడా కనిపెట్టే దారి ఏదీ ఉండేది కాదు. అందువల్లే నేను రెండేళ్లపాటు మా మేనమామ ఇంట్లో పెద్ద పండితుడిగా చెలామణీ అయ్యాను. తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. మా చుట్టాలు నలుగురు కలిస్తే చాలు, మామ ప్రస్తావన వస్తుంది, ఆయనకు పెట్టిన "చైర్మన్ మామ" అన్న పేరు వస్తుంది, అందరూ పొట్టలు పట్టుకుంటారు. ఎవడో దొర రాసిన ఉత్తరం చూసి మురిసిపోయి డబ్బు పోగొట్టుకున్న అమాయకుడి కథ అది. ఆ కథలో ఒక పేజీ నేను దాచాను. మామ పోయి నాలుగేళ్లయింది. ఇంకా దాచడం మర్యాద కాదు.

మామ చీరలు నేసేవాడు. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, వాటి మీద జరీ. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, మీద రేకుల కప్పు. వాన గట్టిగా పడితే మగ్గం గుంటలోకి నీళ్లు దిగేవి. అత్తమ్మ పరుగున వచ్చి పడుగు మీద ప్లాస్టిక్ పట్టా కప్పేది, ఆ పూటకు పని బందు. ఆ గదికి స్లాబు వేయించాలని ఇద్దరూ ఎన్నో ఏళ్లుగా కొంచెం కొంచెం కూడబెట్టారు. అంతలో జరీ దుకాణం సాహెబు ఒక దరఖాస్తు కాగితం తెచ్చాడు. మామ వాడే జరీ తయారుచేసే కంపెనీయే వాటాలు అమ్ముతోందట, సాహెబు కూడా కొంటున్నాడట. మామ పెద్దగా ఆలోచించలేదు. "పదేండ్ల సంది వాని జరీ నా చేతులకెల్లి పోతుంది. వాని పనితనం నాకు తెల్వదా?" అని స్లాబు డబ్బంతా అందులో పెట్టాడు. ధర పెరిగాక అమ్మితే స్లాబుతో పాటు మూడో మగ్గం కూడా వస్తుందని అత్తమ్మను ఒప్పించాడు.

మరుసటి ఏడు వానాకాలంలో పోస్టుమ్యాన్ ఒక లావుపాటి కవరు తెచ్చాడు. కంపెనీ వార్షిక నివేదిక. అద్దంలా మెరిసే కాగితం, లోపల రంగుల ఫోటోలు, మొదట్లోనే చైర్మన్ గారి బొమ్మ, ఆయన రాసిన ఉత్తరం. నేనప్పుడు వనపర్తిలో బీకాం చదువుతున్నాను (పుస్తకాలు ఇంగ్లీషులో, పాఠం తెలుగులో, పాసవడం దేవుడి దయలో). శనివారం బస్సు దిగేసరికి మామ నాకోసం మగ్గం దిగి కూర్చున్నాడు. అత్తమ్మ మిరపకాయ బజ్జీలు వేసింది. నేను గొంతు సవరించుకుని, "ప్రియమైన వాటాదారులారా" అని మొదలుపెట్టాను. తెలిసిన మాటలకు అర్థం చెప్పాను, తెలియని మాటల దగ్గర నాకు తోచింది చెప్పాను. చైర్మన్ గారి ఉత్తరంలో ఎన్ని వాక్యాలున్నాయో గానీ, నా తర్జుమాలో మాత్రం ఆయన నాలుగుసార్లు చేనేత కార్మికులకు దండం పెట్టాడు. మామ ఉత్తరం కింద ఉన్న నీలిరంగు సంతకం మీద వేలు తడిచేసి రుద్ది చూశాడు. అచ్చులో పడ్డ సంతకం, చెరుగుతుందా? "మంచి సిరా" అని మెచ్చుకున్నాడు.

ఒక పెద్దమనిషి మనకు ఉత్తరం రాస్తే జవాబు రాయకపోవడం మామ దృష్టిలో పొగరు. కాబట్టి జవాబు రాయించాడు. ఇక్కడ అందరం క్షేమం, వానలు పర్వాలేదు, జరీ దారం ఈసారి రెండు చోట్ల తెగింది, జర చూడమని చెప్పండి, ఇటువైపు వస్తే మా ఇంట్లోనే దిగాలి. నేను అది ఇంగ్లీషులో రాశాను. (ఆ ఉత్తరం ఎవరు చదివారో పాపం.) జవాబు రాలేదు. కానీ మరుసటి ఏటి నివేదికలో చైర్మన్ గారు "మీరు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు" అన్నారు. అది వినగానే మామ అత్తమ్మ వైపు తిరిగి, "అందిందంట" అన్నాడు. అప్పటినుంచే ఆయన పేరు చైర్మన్ మామ.

అసలు సంగతి ఆ రెండో నివేదిక నాడే జరిగింది. నేను రాకముందు సాహెబు వచ్చి వెళ్లాడట. జరీ సరుకు ఆలస్యంగా వస్తోంది, నాణ్యం తగ్గింది, నేనైతే నా వాటాలు అమ్మేస్తున్నా, సోమవారం హైదరాబాద్ పోతున్నా, నీవి కూడా ఇస్తే అమ్ముకొస్తా అన్నాడట. అప్పటికి ధర కాస్త తగ్గినా స్లాబుకు సరిపోయేంత వచ్చేది. మామ అటూ ఇటూ కాకుండా ఉన్నాడు. పుస్తకం ఏం చెబుతుందో విని తేల్చుకుందామని నా కోసం ఆగాడు. నేను ఎప్పటిలాగే చైర్మన్ గారి ఉత్తరం చదివాను. ఈ ఏడు కాస్త గాలి ఎదురు తిరిగినా వచ్చే ఏడు అంతా వెలుగేనని ఆయన రాశాడు, నేను ఇంకో రెండు దీపాలు చేర్చి చదివాను.

అంతా విన్నాక మామ పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆయన ఏ చీర చేతికొచ్చినా ముందు తిరగేసి చూసేవాడు. నూలూ పట్టూ కలిసే చోట లోపలి వైపు బొటనవేలితో తడిమితేనే నేత ఎట్లాంటిదో తెలుస్తుంది. పుస్తకాన్ని కూడా అట్లాగే తిరగేశాడు. ఫోటోలు లేని, చిన్న అక్షరాల పేజీల మీద బొటనవేలు పెట్టాడు.

"అల్లుడా, ముంగటి దిక్కు ఎవడైనా మంచిగనే నేస్తడు. ఎనక దిక్కు ఏమున్నదో గది సదువు."

చూశాను. ఆడిటరు రాసింది. ఒక వాక్యం పేజీ పైన మొదలై సగం పేజీ దాకా ఆగలేదు. అందులో నాకు తెలిసిన మాటలు రెండో మూడో. ఎదురుగా అత్తమ్మ బజ్జీల పళ్లెంతో నిలబడి ఉంది, "మా పోరడు గడగడ సదువుతడు" అని వాడకట్టంతా చెప్పిన మనిషి. నాకు తెల్వదు అన్న ఒక్క మాట చాలు. అది వదిలేసి ఇంకోటి ఎత్తుకున్నాను.

"గవన్నీ ఆఫీసోళ్ల రాతలు మామా. అన్ని పుస్తకాలల్ల గట్లనే ఉంటయి. మనకు పనికొచ్చేది ఏం లేదు" అన్నాను.

మామ నా ముఖం వైపు ఒకసారి చూశాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. సోమవారం సాహెబు ఒక్కడే హైదరాబాద్ బస్సెక్కాడు.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే కంపెనీ మూతపడింది. వానాకాలం వచ్చింది గానీ కవరు రాలేదు. చైర్మన్ గారికి పానం బాగలేదేమోనని మామ కొన్నాళ్లు పోస్టుమ్యాన్‌ను అడిగాడు. సంగతి తెలిశాక అనాల్సిందంతా అత్తమ్మే అంది. రేకుల కిందకు నీళ్లు దిగినప్పుడల్లా పట్టా ఒక కొస పట్టుకుని, "పిలువు నీ చైర్మన్‌ను, గా కొస పట్టుకుంటడు" అనేది. సాహెబు మాట వినని మూర్ఖుడు, ఉత్తరానికి పడిపోయిన వెర్రివాడు అని మామకు పేరు స్థిరపడింది. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు ఆ సంతకం మీద వేలు రుద్దిన ముచ్చట ఎత్తేవారు. ఎక్కువసార్లు ఎత్తింది నేనే. నాకన్నా బాగా ఎవరూ చెప్పలేకపోయేవారు.

తర్వాత నాకు నాగర్‌కర్నూలులో ఒక సహకార బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అక్కడి ముసలి మేనేజరు నివేదికలను చివరి నుంచి మొదటికి చదవడం నేర్పించాడు. నాలుగు మంచి మాటల మధ్య ఒక చెడ్డ సంగతి సూటిగా ఒప్పుకున్న ఉత్తరమే చదవదగిన ఉత్తరమని ఆయన అనేవాడు. ఆ మాట పట్టుకుని నేను కుర్రాళ్లకు పాఠాలు చెప్పాను, చుట్టాలకు సలహాలిచ్చాను. ఒకసారి గద్వాల పోయినప్పుడు, ఇంట్లో ఎవరూ లేని వేళ, ఆ పాత పుస్తకం తీసి వెనక పేజీ చూశాను. సరుకు నిల్వలు మాకు చూపించలేదు, అప్పులు తీర్చే దారి కనబడటం లేదు, కంపెనీ మరో ఏడాది నడుస్తుందో లేదో అనుమానం. అంత స్పష్టంగా ఉంది. పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టేసి, మామ వచ్చాక చాయ్ తాగి, బస్సెక్కాను. ఆయన ఉన్నంతకాలం చెప్పలేదు.

మొన్నటి వానాకాలం అత్తమ్మ దగ్గరికి పోయాను. మగ్గాల గదికి ఇప్పుడు స్లాబు ఉంది, మామ పోయాక వాళ్ల కొడుకు వేయించాడు. దాని కింద మామ ఒక్క రోజు కూడా కూర్చోలేదు. అత్తమ్మ రాట్నం ముందు కూర్చుని దారం కండెకు చుడుతోంది. బయట వాన. నేను అంతా చెప్పాను. మామ అడిగాడని, నాకు అర్థం కాలేదని, ఏమీ లేదని అబద్ధం ఆడానని. రాట్నం ఆగింది.

"వానొచ్చినప్పుడల్ల తిట్టిన గదరా ఆయనను" అంది. తర్వాత, "ఒక్కనాడు గూడ నిన్ను తప్పు పట్టలే. పోరడు మంచిగనే సదివిండు, నేనే ఆశపడ్డ అన్నడు."

లేచి లోపలికి పోయింది. కోపంతో పోయిందనుకున్నాను. పెట్టెలో చీరల మడతల మధ్య నుంచి ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"సదువు. ఎనక దిక్కు."

చదివాను. ఒక్కో వాక్యం చదివి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. ఈసారి దీపాలేమీ చేర్చలేదు. సగంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. అప్పుడెప్పుడో దొంగచాటుగా చూసినప్పుడు దాటేసిన మాటే. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం కూడా దాన్ని నాకు పరిచయం చేయలేదు.

"ఆగినవేంది?" అంది అత్తమ్మ.

"గీ మాట నాకు తెల్వదు అత్తమ్మా."

"తెల్వకపోతే ఇడిసిపెట్టి ముందలికి సదువు" అంది ఆమె, మళ్లీ రాట్నం తిప్పుతూ.

అంతే. బజ్జీల పళ్లెం కింద పడలేదు, వాడకట్టు నవ్వలేదు. యాభై దాటిన నేను ఆ స్లాబు కింద కూర్చుని, ఇరవై ఏళ్ల ఆ పండితుణ్ని తలచుకుని కొంచెం నవ్వుకుని, పేజీ చివరిదాకా చదివాను.