డ్రోను లైటు బాగుచేయించడానికి ఆదోని దాకా

మా ఊరు ఎమ్మిగనూరుకు ఏడు కిలోమీటర్లు. మా మహిళా సంఘానికి పంటకు మందు కొట్టే డ్రోను వచ్చి ఏడాది దాటింది. దాన్ని ఎగరేయడం నేర్చుకున్నది మా చెల్లెలు సరోజ. మా వైపు పగలంతా గాలి. సాయంత్రం ఐదు దాటాక గాలి తగ్గుతుంది, అప్పుడే పత్తి మీద మందు సరిగ్గా పడుతుంది. అందుకే ఆమె పని ఎక్కువగా పొద్దు వాలే వేళలోనే. డ్రోనుకు రెక్కలు బిగించి ఉండే నాలుగు చేతుల కింద ముందువైపు ఎర్ర లైట్లు, వెనకవైపు ఆకుపచ్చ లైట్లు ఉంటాయి. దూరాన ఉన్న డ్రోను ఏ వైపు తిరిగి ఉందో ఆ రంగులు చూసే చెప్పాలి. దసరా వెళ్ళిన పది రోజులకు, మసక వెలుతురులో సరోజకు ఆ లైట్లు ఆనకుండా పోయాయి. ఒక సాయంత్రం వెనక్కి రప్పిస్తున్నాననుకుని ముందుకు పంపింది. చేను గట్టున ఉన్న వేపకొమ్మకు తగిలి డ్రోను రెక్క విరిగింది; ఇంట్లో ఉన్న కొత్త రెక్క బిగించుకున్నాం.

ఆ వారం సంఘం మీటింగులో మా లీడరు జయమ్మ అందరి ముందే అడిగింది. "సరోజా, నీ కండ్లు మసకబారినట్లుండాయి. ఇంగ రిమోటు మన లీలావతికిద్దామా?"

"నా కండ్లు బాగుండాయక్కా. లైటే కనపడల్యా," అంది సరోజ.

"లైటు అదే కదమ్మా, మొన్నటిదాకా కనపడె," అని ఎవరో నవ్వారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నలుగురిలో గట్టిగా మాట్లాడే అలవాటు నాకు లేదు. మాట్లాడిన ఒక్క మాట కూడా ఆమెకు అక్కరకు రాలేదు. "ఒకసారి డాక్టరుకు సూపిచ్చుకుంటే పోలా సరోజా," అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, జయమ్మ వైపు తిరిగింది. సోమవారం దాకా గడువు అడిగింది. ఈలోపు ఆదోనిలో డ్రోన్లు బాగుచేసే అతని దగ్గర మంచి లైటు పెట్టిస్తానంది. తోడుగా నేను బయలుదేరాను.

శుక్రవారం పొద్దున పూజ ముగించుకుని ఏడింటికి ట్రాలీ ఆటో ఎక్కాం. మడిచినా డ్రోను మంచమంత ఉంటుంది, బస్సులో పట్టదు. మీరూ తీసుకెళ్ళేటట్లయితే ఆటో మాట్లాడుకోవడమే మేలు. పోను రాను, మధ్యలో ఆగడం కలిపి పన్నెండు వందలకు ఒప్పుకున్నాడు ఆటో తోలే హనుమంతు. కింద రెండు బొంతలు పరిచి, తాడు రెక్కలకు తగలకుండా కట్టాడు.

"ఏం సరోజక్కా, దీన్ని నా బండిలో ఏసుకొని పోయే బదులు మీరే దాని మీద కూసోని పోతే నాకు డీజిలు మిగులుతాండె కదా," అన్నాడు.

"నిన్ను కూసోబెడితే అది పైకి లేసేదే లేదప్పా. నువ్వు బండే తోలు," అంది సరోజ. మీటింగు తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ముప్పై కిలోమీటర్ల లోపే. కానీ పత్తి బండ్ల సీజను కావడంతో గంటకు పైగా పట్టింది. దారికి రెండు వైపులా పత్తి విచ్చుకుని ఉంది. దూరాన రణమండల కొండ కనిపించగానే కొండమీది ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, చెల్లెలి పని నిలబెట్టమని కోరుకున్నాను. ఊళ్ళోకి వచ్చాక ఒక తోపుడు బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ప్లేటు నలభై. బజ్జీలు వేసే ఆమె గరిటె పట్టుకునే ఆటోలోకి తొంగి చూసింది.

"అదేందమ్మా, సాలెపురుగు మాదిరుంది?"

"మందు కొట్టేదక్కా."

"మా ఇంట్లో దోమలకు కొడ్తాదా?"

"మీ ఆయన్ను బయట పండుకోమను, కొడ్తాం," అంది సరోజ. ఆమె నవ్వి ఇంకో రెండు బజ్జీలు ఊరికే వేసింది.

రిపేరు అంగడి ఒక సందు చివర ఉంది. పది గంటలకు తెరుస్తారు. అంతకు ముందు వెళ్తే ఎండలో నిలబడాల్సిందే. అంగడి రెహమాన్ భాయిది, నలభై ఏళ్ళ మనిషి. డ్రోనును బల్ల మీద తిరగేసి పెట్టించాడు. అప్పుడే జయమ్మ నుంచి ఫోను వస్తే సరోజ మాట్లాడుతూ బయటికి వెళ్ళింది. రెహమాన్ భాయి ఒక లైటును గోటితో గీకాడు. గోటికి ఎర్రగా, పసుపుగా ఏదో పొడి అంటింది. తుడిచే ద్రావణంలో తడిపిన గుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎర్రబడింది.

"ఏందమ్మా ఇది, లైట్లకు బొట్లు పెట్టినారా?"

పెట్టింది నేనే. ఆయుధపూజ రోజు కుట్టుమిషనుకు, పక్కింటివాళ్ళ ట్రాక్టరుకు, డ్రోనుకు గంధం కుంకుమ నేనే పెట్టాను. ట్రాక్టరు హెడ్‌లైట్లకు పెట్టినట్టే డ్రోను చేతుల కింద చిన్న లైట్లకూ వేలితో దట్టంగా అద్దాను. ఎగరేసే ముందు సరోజ పైన కనిపించే బొట్లు తుడిచింది. కింద ఉన్నవి ఆమెకు తెలియవు. గంధం ఎండి గట్టిపడింది, దాని మీద మందు తుంపర, దుమ్ము పేరుకున్నాయి.

బయట సరోజ మాట వినిపిస్తోంది. "అట్లే కానీక్కా. సోమవారం దాకా ఆగేకి రైతులు భయపడ్తాంటే నేనేం సేసేది? లీలావతికే ఇయ్యి."

నేను అప్పుడే బయటికి పరుగెత్తి ఆ ఫోను పట్టుకుని ఉండాల్సింది. గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. "మా చెల్లెలికి సెప్పొద్దు భాయి," అన్నాను. అతను నన్నొకసారి చూసి, మిగతా లైట్లు కూడా తుడిచి, గుడ్డను బల్ల కిందికి తోసేశాడు.

రిమోటు పోయిందని తెలిసి కూడా సరోజ లైటు పెట్టించింది. "ఎవురు ఎగరేసినా సంఘం డ్రోనే కదా," అంది. బొటనవేలంత ఉండే తెల్లగా మిణుకుమనే లైటును భాయి వెనకవైపు అతికించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించాడు. దానికి సొంత బ్యాటరీ ఉంటుంది, డ్రోను వైర్లు ముట్టుకోనక్కర్లేదు. వెనక ఒక్కచోటే పెట్టడానికి కారణం ఉంది. మిణుకు మన వైపు కనిపిస్తే డ్రోను మనకు వీపు పెట్టినట్టు. పైన గుండ్రంగా ఉండే జీపీఎస్ డబ్బాకు జానెడు దూరంలో పెట్టాలని, కెమెరాకు వెలుగు తగలకూడదని చూపించాడు. గీతలు పడిన లైటు మూతలు కూడా తెప్పించి మార్చాడు, అవి వచ్చేసరికి నాలుగయింది. అన్నీ కలిపి పదమూడు వందలయ్యాయి. "ఇది మసక ఎలుతురుకే అమ్మా. లైటుంది కదా అని సీకట్లో ఎగరెయ్యొద్దు," అని రెండుసార్లు చెప్పాడు.

తిరుగు దారిలో సాయంత్రం ఐదున్నరకు, తెలిసినవాళ్ళ బీడు చేను దగ్గర ఆటో ఆపించాం. మందు పోయకుండా డ్రోనును ఎగరేసింది సరోజ. పొలం ఆ చివరికి పోయినా మిణుకు కనిపించింది. ఎర్ర లైట్లు, ఆకుపచ్చ లైట్లు కూడా కొత్తవాటిలా వెలిగాయి. ఆమె మొహం చూసి నేనిక దాచుకోలేకపోయాను. డ్రోను నేలకు దిగాక అంతా చెప్పాను.

ఆమె డ్రోను చేతులు ఒక్కొక్కటే మడిచింది. నాలుగో చెయ్యి మడిచాక అంది. "పూజ సేసినందుకు నాకేం కోపం లేదక్కా. మీటింగులో అందరూ నా కండ్లే సూసినారు. నువ్వూ సూస్తివి."

ఇల్లు చేరేసరికి ఏడయింది. నేరుగా జయమ్మ ఇంటికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆమె మంచి మనిషే. "పొద్దున్నే సెప్పింటే అయిపోతాండె కదమ్మా. సరోజ సరే అనిందని లీలావతి పేరు ట్రైనింగుకు మధ్యాన్నమే రాసిస్తి. ఇంగ మార్చేకి కాదు," అంది. సోమవారం మీటింగులో లేచి నిలబడి అందరి ముందూ మళ్ళీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నిర్ణయమూ మారలేదు. ఇప్పుడు లీలావతి ఎగరేస్తుంటే సరోజ బిందెలో మందు కలిపి అందిస్తోంది. ఆ తెల్ల మిణుకు బాగా కనిపిస్తోందని రైతులు మెచ్చుకుంటుంటే తల వంచుకుని బిందె కడుక్కుంటుంది.

గంధం కుంకుమ పెట్టడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ నమ్ముతాను. నా తప్పు అంగడిలో నోరు మూసుకోవడం. అంతకన్నా ముందు, నా చెల్లెలు లైటు కనపడటం లేదని చెబితే ఆ లైటు దగ్గరికి వెళ్ళి చూడకపోవడం. రోజూ దీపం ఒత్తి సరిచేసే దాన్ని, వంగి ఒక్కసారి కింద చూడలేకపోయాను. దేవుడు క్షమిస్తాడేమో తెలియదు. సరోజ మాత్రం మామూలుగానే మాట్లాడుతోంది, అదే నాకు ఎక్కువ బాధ.

మీ సంఘంలో డ్రోను ఉంటే ఒక్క పని చేయండి. బొట్టు పెట్టుకోవాలంటే డ్రోను సామాను పెట్టె మీద పెట్టండి. ఎగరేసే ముందు ప్రతిసారీ డ్రోనును పక్కకు వంచి, కింది లైట్లు నాలుగూ తడిగుడ్డతో తుడిచి, వెలిగించి, యాభై అడుగులు వెనక్కి నడిచి చూడండి. కనపడటం లేదని ఎగరేసే మనిషి చెబితే, ముందు ఆ లైటును చూడండి.