బల్లిని వినని మైకు

మా చెల్లి రోజంతా మెత్తగా మాట్లాడుతుంది. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేసి చెప్పుకునే కంప్యూటర్ కష్టాలు విని, ఓపిగ్గా దారి చెప్పడం దాని ఉద్యోగం. సెలవు వస్తే అదే గొంతుతో, గిటార్లు, డ్రమ్ముల హోరుతో సాగే మెటల్ పాటలు పాడుతుంది. పాడుతుంది అంటే మా ఇంటి ఓనరు ఆంటీ ఒప్పుకోదు. ఆమె లెక్కలో అది గొంతు చించుకుని ఒర్లడం.

మేమిద్దరం లింగంపల్లిలో, రైలు పట్టాలకు దగ్గరగా, ఆమె ఇంటి పై అంతస్తులో కిరాయికి ఉంటాం. నేను ఒక సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో ఉద్యోగుల క్యాబ్‌లు చూసే డెస్కులో పనిచేస్తాను. ఇంటర్ తరవాత నా చదువు కాలేజీలో సాగలేదు, గ్రంథాలయంలో సాగింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు అక్కడే నేర్చుకున్నాను. ఈ మాట ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతాను. ఇంట్లోకి మిక్సీ కొనాలన్నా ముందు మోటార్ల గురించి చదివి కానీ కొట్టుకు వెళ్లను.

కిందటి వేసవిలో మైకు వంతు వచ్చింది.

చెల్లి బ్యాండులో దానితో పాటు ముగ్గురు అబ్బాయిలు ఉన్నారు. ముగ్గురూ మణికొండలోనే ఉంటారు. వాళ్ల మొదటి సొంత పాటకు డ్రమ్ములు, గిటార్లు రికార్డు చేయడం అయిపోయింది. మాటలు చెల్లివి. ఉదయం రైల్లో నిలబడి ఫోన్లో రాసుకున్నవి. ఇక మిగిలింది దాని గొంతు. ఫోన్‌తోనే రికార్డు చేసి పంపితే, కాకినాడ నుంచి వచ్చిన గిటారు అబ్బాయి ఫోన్ చేశాడు. చెల్లి నాకూ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"తప్పుగా అనుకోకండి. మీరు బాగానే పాడారండి. కానీ గిటార్ల కింద గొంతు మునిగిపోతోంది. వచ్చే ఆదివారం దాకా చూద్దాం. కాకపోతే మా స్నేహితుడొకడు పాడతానంటున్నాడు. వాడింట్లో రికార్డింగుకు గది కూడా ఉందండి."

"నా పాట వేరేటోడు పాడుతడా?" అంది చెల్లి.

"మీ పాటేనండి, పేరు మీదే వేస్తాం."

ఫోన్ పెట్టేశాక చెల్లి నా వైపు తిరిగింది. "పేరు ఏం చేసుకోవాలె అక్కా?" అని అడిగింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా గ్రంథాలయానికి వెళ్లాను. ధ్వని శాస్త్రం మీద ఒక లావుపాటి ఇంగ్లిషు పుస్తకం అక్కడ ఉందని నాకు తెలుసు. అది ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. మూసే వేళ దగ్గర పడింది కాబట్టి విషయసూచిక చూసి, సూటిగా మైకుల అధ్యాయం తీశాను. మైకులు ముఖ్యంగా రెండు రకాలు. డైనమిక్ మైకు మొరటుది, సభల్లో, స్టేజీల మీద చేతిలో పట్టుకునేది. కండెన్సర్ మైకు సున్నితమైనది, కరెంటు అందిస్తేనే పనిచేసేది, స్టూడియోల్లో గొంతు రికార్డు చేయడానికి వాడేది. గాలిలో చిన్న కదలికను కూడా అది పట్టుకుంటుంది. నాకు ఇంకేం కావాలి? మెటల్ పాట అయితేనేం, గొంతు గొంతే. మంచి గొంతుకు సున్నితమైన చెవి ఉండాలి.

చెల్లికి అనుమానంగానే ఉంది. "స్టేజీ మీద చేతిల పట్టుకునేదే నాకు అలవాటు అక్కా."

"ఇది స్టేజీ కాదు, రికార్డింగు. పుస్తకంల స్పష్టంగ ఉంది."

పుస్తకం అన్నాక అది ఎదురు చెప్పదు. కండెన్సరే కొన్నాం. డబ్బాకు గీత పడకుండా తెస్తే వారంలోపు మార్చి ఇస్తానని కొట్టతను అన్నాడు. మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పరికరం గిటారు అబ్బాయి అరువిచ్చాడు. స్టాండుకు బిగించిన మైకును ఊపిరి నేరుగా కొట్టకుండా ఎంబ్రాయిడరీ చట్రానికి పాత చున్నీ గుడ్డ బిగించి ముందు నిలబెట్టాను. అదీ పుస్తకంలోదే. ఫ్యాను ఆపాం. చెల్లి హెడ్‌ఫోన్లలో గిటార్లు వింటూ కళ్లు మూసుకుని, కడుపులోంచి గాలి తోసి, మొదటి అరుపు అరిచింది.

రెండో చరణం పూర్తి కాకముందే తలుపు కొట్టారు. ఓనరు ఆంటీ. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"ఏందమ్మా గా అరుపు? ఎవలికేమైంది? దవాఖానకు పోవాల్నా?"

"ఏం కాలే ఆంటీ. పాట," అంది చెల్లి.

"పాటనా! నేనింకా పిల్ల మీద బీరువా పడ్డదనుకున్న."

ఆమెను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, అప్పటిదాకా అయింది వినిపించాం. రెండో జతను మేమిద్దరం చెరో చెవికి పెట్టుకున్నాం. చెల్లి గొంతు మాత్రం ఎంత దగ్గరగా ఉందో! పాడబోయే ముందు పెదవులు విడివడిన చప్పుడు కూడా వినిపించింది. కానీ దానితో పాటు మిగతా ఇల్లంతా వినిపించింది. కింద ఆంటీ కుక్కరు కూత. రైలు ఆగుతున్న చప్పుడు. చెల్లి లోతుగా ఉరిమినప్పుడల్లా ఇనుప బీరువా తలుపు జుమ్మనడం. పాటలో "నా మాట నేనే చెప్పుకుంటా" అనే వాక్యం ఉంది. అది అయిపోయి గిటార్లు ఆగే చోట, ఆ చిన్న నిశ్శబ్దంలో, గోడ మీది బల్లి టిక్ టిక్‌మంది.

ఎవరైనా ఒక మాట అన్న వెంటనే బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మావైపు నమ్మకం. ఆంటీ ఆనవాయితీగా నేల మీద వేలితో తట్టింది. "సత్యం! బల్లి పలికింది సూడు. నీ మాట నువ్వే చెప్పుకుంటవు పో."

చెల్లి నవ్వింది కానీ, నాకు నవ్వు రాలేదు. రికార్డింగు పంపితే గిటారు అబ్బాయి కూడా అదే అన్నాడు, "గొంతు అదిరిందండి, కానీ కుక్కరు కూడా మన బ్యాండులో చేరింది." గొంతు ఒక్కటే పెంచుదామంటే ఇల్లూ దానితోనే పెరుగుతోందట. స్నేహితుడి మాట మళ్లీ ఎత్తాడు. ఆదివారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

నేను గ్రంథాలయానికి మళ్లీ వెళ్లాను. ఈసారి సాయంత్రమంతా ఉంది. మైకుల అధ్యాయం మళ్లీ చదివితే మళ్లీ అదే కనిపించింది. అప్పుడు పేజీలు వెనక్కి తిప్పాను. మైకుల కంటే ముందు అధ్యాయం గదుల గురించి. దాన్ని నేను దాటేసి వెళ్లాను. కండెన్సర్ గురించి ఆ పుస్తకం చెప్పిందంతా నిజమే. కాకపోతే గోడలకు మెత్తలు బిగించిన, తలుపు వేస్తే బయటి లోకం ఆగిపోయే గది గురించి చెప్పింది. మా గదిలో తలుపు వేసినా, లింగంపల్లిలో ఆగే ప్రతి రైలూ మా మంచం పక్కనే ఆగినట్టుంటుంది.

నోటికి ఆనించి పాడే డైనమిక్ మైకు చప్పుళ్లు ఆగని మాలాంటి గదులకు మేలని, పెద్ద గొంతును తట్టుకుంటుందని కూడా అక్కడే ఉంది. దగ్గరగా పాడతారు కాబట్టి దానికి గొంతు పెద్దగా, గది చప్పుళ్లు చిన్నగా చేరుతాయి. చెల్లి మొదటి రోజు అడిగింది అదే. బస్సులో వస్తూ ఆ సంగతి దానికి మెసేజీ పెట్టాను. "డబ్బా మీద గీత పడలే కదా?" అని జవాబు వచ్చింది.

మైకు మార్చుకొచ్చాం. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి బీరువాను రెండో గదిలోకి జరిపాం. మంచం మీది పరుపు నిలబెట్టి, తలుపుకూ కిటికీకీ అమ్మ కుట్టిచ్చిన బొంతలు వేలాడదీశాం. ఆంటీని అడిగితే "వంట అయిపోయింది. కుక్కరు రాత్రికే పెడ్త, ఫికర్ చెయ్యకు" అంది.

చెల్లి మైకు చేతిలోకి తీసుకోగానే భుజాల బిగువు సడలింది. ఒక వాక్యం పాడింది. విన్నాం. గిన్నెలో తల పెట్టి పాడినట్టుంది. మైకు గుండు చుట్టూ పిడికిలి బిగించి పట్టుకుంది.

"చెయ్యి కిందికి పెట్టు," అన్నాను.

"మెటల్ పాడేటోళ్లందరు గిట్లనే పట్టుకుంటరు అక్కా."

"గుండు వెనక సందులున్నయి సూడు. వెనక నుంచి వచ్చే చప్పుడును ఆపేది అవే. నువ్వు వాటిని మూస్తున్నవ్."

"గిది గూడ పుస్తకమేనా?"

"ఆ. ఈసారి రెండు అధ్యాయాలు చదివిన."

చెయ్యి కిందికి జరిపింది. ఊపిరి పీల్చుకుంది. చెమటతో జుట్టు మెడకు అంటుకుపోయింది. ఫ్యాను లేని ఆ గదిలో, బొంతల మధ్య, అది ముందుకు వంగి, మోకాలు మడిచి, చేతిలో ఉన్నదానితో దెబ్బలాడుతున్నట్టు పాడింది. స్టాండు ముందు కదలకుండా నిలబడ్డప్పుడు ఈ మనిషి లేదు. పాట మధ్యలో రైలు వెళ్లింది, నేల వణికింది. చెల్లి ఆగలేదు.

తరవాత ఇద్దరం చెరో జత హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాం. రైలు ఎక్కడో దూరంగా, వెతికితే తప్ప దొరకనంతగా ఉంది. ఆ వాక్యం దగ్గర గిటార్లు ఆగాయి. చెల్లి గొంతు ఒక్కటే నిలిచింది, గరుకుగా, నిబ్బరంగా.

పంపించాం. బొంతలు దింపుతుండగా ఫోన్ వచ్చింది. గిటారు అబ్బాయి పలకరింపులేమీ లేకుండా మొదలుపెట్టాడు. "ఇది ఉంచేద్దామండి. మా స్నేహితుడికి వద్దని ఇప్పుడే చెప్పేశాను."

చెల్లి "సరే" అంది. ఆఫీసు గొంతుతో, మెత్తగా. ఫోన్ పెట్టేసి ఇంకా దింపని బొంతలో మొహం దాచుకుంది.

సాయంత్రం ఆంటీ పైకొచ్చి, తనే హెడ్‌ఫోన్లు తీసుకుని తగిలించుకుంది. చివరిదాకా విని, అనుమానంగా మా ఇద్దరినీ చూసింది.

"బల్లి ఏమాయె?"

"ఈ మైకుకు అది ఇనవడది ఆంటీ," అంది చెల్లి.

"అట్లనా? మరి సత్యమని ఎవలు జెప్పాలె?" అని, ఆంటీ వంగి నేల మీద వేలితో తనే టిక్ టిక్‌మని తట్టింది.