లింగయ్య వేషం

చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఈ పొద్దున బాల్కనీలో ఎండకు పెట్టాను. కాసేపటికి మూత తీస్తే వాసన గుప్పుమంది. అందరికీ అది తలకు రాసుకునే నూనె వాసన. నాకు మాత్రం వేషం తీసే వాసన. నాటిక అయ్యాక ముఖానికి పట్టిన రంగును కొబ్బరినూనెతో కరిగించి పాతగుడ్డతో తుడుచుకునేవాళ్లం. తుడుచుకుంటూనే నేను తెర అవతలి మాటలకు చెవి ఒగ్గేవాణ్ని. జనం సుదర్శనం గారి చుట్టూ మూగి, "ఏం రాశారు సార్, పొట్ట చెక్కలైంది" అంటుండేవారు. నవ్వించింది నేను, చెమటోడ్చింది నేను, పొగడ్త మాత్రం ఆయనకు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ముందు కలిగేది గౌరవం కాదు, కుళ్ళు. నన్ను మనిషిని చేసినవాడి గురించి రాస్తూ అబద్ధం ఎందుకు? అక్కడినుంచే మొదలుపెడతాను.

సుదర్శనం గారు మా ఆఫీసులో సూపరింటెండెంటు, నేను ఆయన కింద గుమాస్తాను. మాది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాణ్ని. ఆయన మాట ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది. గుంటూరు వైపు మనిషని అందరం అనుకునేవాళ్లం. ఏటా వినాయక చవితికి దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీ పందిట్లో ఆయన రాసిన హాస్య నాటిక ఆడేవాళ్లం. కథ ఏదైనా అందులో లింగయ్య ఉండాల్సిందే. పల్లె నుంచి పట్నానికొచ్చిన అమాయకుడు, తెలంగాణ మాట మాట్లాడతాడు. పెద్దవాళ్ల ముందు నోరు తెరవాల్సి వస్తే గోడవైపు తిరిగి, పెదాలు కదుపుతూ, చెప్పబోయే మాటను లోపల్లోపల దిద్దుకుంటాడు. తీరా ఇటు తిరిగాక తన మాటే బయటికొస్తుంది. ఇక పందిరంతా నవ్వులే. ఆ వేషం ఎప్పుడూ నాదే. రిహార్సల్లో ఆయన ఆ పెదాల దగ్గర మాత్రం పట్టుబట్టేవారు. "తొందరపడకయ్యా యాదగిరీ. వాడు భయపడుతున్నాడు. ఆ భయం కనపడేదాకా ఆగు" అనేవారు. నవ్వు నాటికలో భయమేమిటని నేను విసుక్కునేవాణ్ని. ప్రదర్శన రోజున ఆయన పక్క తెర వెనక నిలబడి, లింగయ్య మాట్లాడినంతసేపూ కళ్లు మూసుకుని వినేవారు. తన రాతకు తనే మురిసిపోతున్నాడని నాకు మరింత మంట.

నాకూ రాయాలని ఉండేది. సెలవు పెట్టి మరీ ఒక నాటిక రాశాను. కరువొచ్చిన ఊరు, మంచి రైతు, చెడ్డ దొర. ఆయన టేబుల్ మీద పెట్టిన రెండు రోజులకు పిలిచారు.

"బాగుంది. ఇందులో నువ్వెక్కడున్నావు?"

"నేనెందుకుంట సార్? ఇది ఊరి కథ."

"నువ్వు సిగ్గుపడ్డ చోటు ఒకటి ఉంటుంది కదా. అక్కడినుంచి రాయి."

ఏటా జనం చేత చప్పట్లు కొట్టించుకునే పెద్దమనిషికి సిగ్గంటే ఏం తెలుసని ఒళ్లు మండిపోయింది. కాగితాలు తీసుకెళ్లి పెట్టెలో అడుగున పడేశాను.

ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి ఆఫీసుకు రాకపోతే, సంతకం కావాల్సిన ఫైలు పట్టుకుని సైదాబాద్‌లోని ఇంటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల్నుంచి మాటలు వినపడ్డాయి.

"గోలి ఏసుకున్నవా కొడుకా? జర గంజి తాగు, నోరెండుతది."

"తాగుత తియ్ అవ్వా. నువ్వు తిన్నవా? పొద్దుగాల సంది గట్లనే కూసున్నవ్."

రెండో గొంతు సుదర్శనం గారిది. అచ్చం మా ఊళ్లో మా నాయన మాట్లాడినట్టే ఉంది. నేను గుమ్మంలో బిగుసుకుపోయాను. ఆయన నన్ను చూశారు. వెంటనే గోడవైపు ముఖం తిప్పుకున్నారు. పెదాలు కదిలాయి. ఆ తర్వాత ఇటు తిరిగి, "రావయ్యా యాదగిరీ, కూర్చో" అన్నారు, ఎప్పటి ఇస్త్రీ తెలుగులో. నేను ఏళ్లుగా వేస్తున్న వేషాన్ని ఎదురుగా మంచం మీద చూశాను. ఆయన ముసలి తల్లి నా ఊరు అడిగి సంబరపడిపోయింది.

"మాది దేవరకొండ దిక్కు బిడ్డా. వీడు చిన్నగున్నప్పుడు కరువొస్తే కాలువ తవ్వే పనికని గుంటూరు దిక్కు పోయినం. బడిల వీడు నోరు తెరిస్తే పోరగాండ్లంత నవ్వెటోళ్లు. పంతులు గూడ నిలవెట్టి మాట్లాడిపిచ్చి నవ్వెటోడు. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి ఆళ్ల మాటలు నేర్సుకునెటోడు. ఇప్పుడు నాతోని తప్ప ఎవ్వలతోని గిట్ల మాట్లాడడు."

సుదర్శనం గారు తల వంచుకుని ఫైల్లో సంతకాలు పెడుతూనే ఉన్నారు. ఎవరితోనూ అనవద్దని కూడా నాతో అనలేదు. ఆ సాయంత్రం బస్సెక్కకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. జాలి కలగాల్సింది. కలగలేదు. పట్నం వచ్చిన కొత్తలో నేనూ నవ్వులపాలైనవాణ్నే. బ్యాంకులో, దవాఖానలో, ఇదే ఆఫీసులో. దాన్నంతా ఆయన ఎప్పుడో రాసేసుకున్నారు. నా సిగ్గు కూడా నాకు మిగల్లేదనిపించింది.

తర్వాత తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేచింది. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. ఆఫీసులు మానేసి అందరం అక్కడే ఉండేవాళ్లం. రోడ్డు మీదే రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించి వండుకు తినేవాళ్లం. ఒక మధ్యాహ్నం నేను పప్పు కలుపుతుంటే, శిబిరం నడిపే నర్సింహ వచ్చి పక్కన నిలబడ్డాడు. చవితి దగ్గరపడుతోంది.

"ఈసారి పందిట్ల గా సారు నాటిక ఆడనియ్యం అన్నా. మన మాటను వెట్టి మనల్నే నవ్వులపాలు జేస్తుండు. నువ్వు గూడ గా ఏషం ఎట్ల ఏసినవ్?"

ఆ కోపంలో న్యాయం ఉంది. ఏళ్ల తరబడి నాటకాల్లో మా మాట పనివాడికీ రౌడీకీ తప్ప దక్కలేదు. నేను తల ఊపాను.

"ఇంతకూ గా సారుది అసలు ఏ ఊరు?" అన్నాడు.

అతను మంచివాడు. దేవరకొండ అని ఉంటే, ఆ ముసలావిడ మాట చెప్పి ఉంటే, నాటిక ఆగేది కాదు. పైగా సారును తెచ్చి శిబిరంలో కూర్చోబెట్టేవారు. దండ వేసేవారు. ఆ దండ నా కళ్లముందు కదిలింది. నేను గోడవైపు తిరగలేదు. పెదాలు కదపలేదు. "గుంటూరు" అన్నాను.

ఆ ఏడు పందిట్లో పెట్టె అడుగునున్న నా నాటిక ఆడాం. చప్పట్లు బాగానే పడ్డాయి. ఎవరూ నవ్వలేదు, ఎవరి కళ్లూ తడవలేదు. సుదర్శనం గారు చివరి వరుస వెనక నిలబడి చూసి, అందరితో పాటు చప్పట్లు కొట్టారు. నేను దగ్గరికి వెళ్లి సిగ్గులేకుండా అడిగాను.

"మీ ఊరేదో మీరన్నా చెప్పొచ్చు కద సార్?"

"ఇప్పుడు చెబితే భయపడి చెప్పినట్టుంటుందయ్యా" అన్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ నాటిక రాయలేదు.

రాష్ట్రం వచ్చింది. నేనూ ముఖాన గులాల్ పూసుకుని ఎగిరాను. మరుసటి ఏడు ఆయన తల్లి చనిపోయింది. దినాలు అయ్యాక పలకరించడానికి వెళ్తే, ఆవిడ మంచం మీద ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. వంటింట్లో భార్య, కూతురు వాళ్ల గుంటూరు మాటలో ఏదో మాట్లాడుకుంటున్నారు. ఇక దాచలేకపోయాను.

"సార్, శిబిరంల మీది గుంటూరని చెప్పింది నేనే."

"తెలుసు. నా ఊరు తెలిసింది నీకొక్కడికే కదా. నువ్వు నిజం చెప్పి ఉంటే నాటిక ఆగేది కాదు."

"మీరంటే నాకు కుళ్ళు సార్. అందుకే చెప్పిన."

ఆయన చిన్నగా నవ్వారు. "నాకు నువ్వంటే లేదనుకున్నావా? రంగు తుడుచుకుని బయటికొచ్చి చాయ్ కొట్టు దగ్గర కూడా అదే మాట మాట్లాడేవాడివి. నేను మా అమ్మ మాటను ఇంటి బయట వినాలంటే, ఏడాదికోసారి నీ చేత పలికించుకుని తెర వెనక నిలబడి వినాలి. జనం నవ్వుతుంటే ప్రతిసారీ బడిలో నిలబడ్డట్టే ఉండేది. అయినా వినాలనిపించేది."

తర్వాత ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"అవ్వ పోయినంక ఇంట్ల గా మాట లేదు యాదగిరి. జర నాతోని మాట్లాడు."

నేను నోరు తెరిచాను. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న మాట నాకు దొరకలేదు. గోడవైపు తిరిగాను. పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. ఆయన కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. "తొందరపడకు" అన్నారు.

"బువ్వ తిన్నవా సార్?" అన్నాను.

"ఇంక తినలే" అన్నారు.

ఆ తర్వాత ఆయన బతికిన రెండేళ్లూ ఆదివారం ఆదివారం సైదాబాద్ వెళ్లి, ఊరి ముచ్చట్లు చెప్పి వచ్చేవాణ్ని. నాటికల ఊసు ఇద్దరం ఎత్తలేదు. ఆయన రాయమన్న చోటు ఏదో నాకు ఇప్పటికి దొరికింది. ఎల్బీనగర్ చౌరస్తాలో, చేతిలో పప్పు గరిటెతో, నేను "గుంటూరు" అన్న చోటు అది. అక్కడినుంచే ఇది రాశాను. ఇదే ఆయన రాసి ఉంటే మీరు నవ్వేవారు. ఆ కుళ్ళు నాకు ఇంకా పోలేదు.